అంకమ్మ గాబు తోమిన కథ

అంకమ్మ అని ఒకావిడ ఉండేదంట, పడమటేపు మెట్ట ఊళ్ళో. శుభ్రమంటే ఆవిడదే అనుకోండి. ఆ ఊరికి వారానికోపాలి నీళ్ళ ట్యాంకరు వచ్చేది. అంకమ్మ దొడ్లో నడుమెత్తు సిమెంటు గాబు, దాన్నిండా పట్టుకునేది. అందులో చెంబు ముంచాలంటే ఆవిడే ముంచాల, కోడలు రవణమ్మ కూడా ముట్టకూడదు. నీ చేతికి కారమో పసుపో ఉంటది, నీళ్ళు పాడైతయ్యి అనేదంట. పాపం ఆ పిల్ల అడిగి తాగేది. అట్టా ఉండంగా ఏమైందంటే, వానలు వెనకబట్టాక రవణమ్మకి జరమొచ్చింది. మామూలు జరమా అది, ఎముకలన్నీ రోకలితో దంచినట్టు, కళ్ళ వెనక పోటు, ఒళ్ళంతా ఎర్రటి దద్దులు. డెంగీ అన్నారు, పెద్దాసుపత్రిలో ఆరు రోజులు పెట్టారు. అంకమ్మ మంచం పక్కనుంచి లేవలా, ఆ పిల్ల చెయ్యి పట్టుకోనే కూచుంది. బతికింది, ఇంటికొచ్చింది.

ఇంటికొచ్చిన రెండోరోజు, ఊళ్ళో మందులిచ్చే నర్సమ్మ వచ్చి గాబులోకి టార్చి కొట్టి చూసింది. చీపురుపుల్ల ముక్కల్లాంటియ్యి మెలికలు తిరగతా ఉన్నయ్యి. "పెద్దమ్మా, ఇవి దోమపిల్లలు" అంది. అంకమ్మకి తల కొట్టేసినట్టయింది. మా నీళ్ళు మురికంటావా అంటే, "మురికైతే ఇది రాదు పెద్దమ్మా. కాళ్ళకి తెల్లచారలుండే దోమ, పట్టపగలే కుడతది. మురుక్కాలవ దీనికి పనికిరాదు, నీ ఇంట్లోలాంటి తేటనీళ్ళే కావాల" అందంట.

ఇక చూడండి, అంకమ్మ ఆ నీళ్ళన్నీ చెట్లకి పోసేసింది. నెలరోజులు గాబు ఎండబెట్టి బిందెలతోనే గడుపుకుంది. మళ్ళీ ట్యాంకరు నీళ్ళు పట్టి, పైన చీర మడతేసి కట్టింది. మూడోనాడు చీర తీసి చూస్తే, మళ్ళీ అవే మెలికలు. ఇంకేముంది, పక్కింటి సుబ్బులు మీద పడింది. నీ గాబులో దోమల్ని పెంచి నా కొంప మీదికి తోలతన్నావు అంది. సుబ్బులు మంచిది, "నేనేం తోలానక్కా" అని లోపలికి పోయి తలుపేసుకుంది.

అంకమ్మ నీళ్ళు మళ్ళీ తోడేస్తంటే, రవణమ్మ నీరసంగా గాబు పక్కనే కూచోని చూస్తా ఉంది. లోపలి గోడ మీద నల్లగా ఏందో గీత కనబడింది, మసి చల్లినట్టు. వేలితో రుద్దితే రాలా. "అత్తా, ఇవి గుడ్లేమో" అంది. నర్సమ్మని పిలిపిస్తే, "గుడ్లే. గోడకంటుకోని నెలల తరబడి ఎండలో కూడా చావకుండా ఉంటయ్యి, నీళ్ళు తగలంగానే పిల్లలైతయ్యి. పారబోస్తే చాలదు, తోమాల" అంది.

అప్పుడు అంకమ్మ చీర ఎగదోపి గాబులోకి దిగిందంట, కొబ్బరిపీచు, ఇటుకపొడి పట్టుకోని. పైనుంచి రవణమ్మ, "అత్తా, ఆ మూల రాలా, ఇంకాస్త పైన" అంటా చెప్తంటే ఆవిడ చెప్పినకాడల్లా తోమింది. కడిగి మళ్ళీ నీళ్ళు పట్టి, చీర కట్టి, వారం చూసింది, పదిరోజులు చూసింది, నీళ్ళలో ఒక్క మెలికా లేదు.

ఆ పీచు పట్టుకోని నేరుగా సుబ్బులింటికి పోయింది. ఏందక్కా అంటే, జరుగు అని వాళ్ళ గాబులో నీళ్ళు తోడేసి, లోపలికి దిగి తోముతా కూచుంది. తప్పైపోయిందని నోటితో అనే రకం కాదుగా ఆవిడ. సుబ్బులు కొంగు దోపుకోని తనూ దిగింది.

ఇప్పుడు ఆ ఊళ్ళో శుక్రవారమొస్తే ఆడోళ్ళంతా గాబుల్లోనే ఉంటారంట. అన్నం ఆలస్యమవతందని మొగోళ్ళు గొణుగుతున్నారంట. ఆ గొణిగేవాళ్ళని కూడా గాబులోకి దింపితే పోలా, అంటాను నేను.