రాళ్ళ మీద నీలం రంగు

పెరట్లో పరిచిన రాతి పలకల మీద మోకాళ్ళూని తమ్ముడు ఇనుప బ్రష్షుతో రుద్దుతున్నాడు. అక్క గడపలోనే ఆగింది.

"ఎన్నాళ్ళుగా రుద్దుతున్నావురా?"

"మూడు రోజులు. యాసిడ్ కూడా పోశానక్కా. రాయి తెల్లబడింది గానీ నీలం పోలేదు."

"పాప గదికని మీ ఆవిడ ఏరికోరి తెచ్చుకున్న రంగు. డబ్బా విసిరేముందు ఉండాలి బుద్ధి."

"తన మీదకి విసరలేదు."

"పక్కనే పాప ఉందిరా."

అతను తల వంచుకుని ఇంకాస్త గట్టిగా రుద్దాడు.

"ఈ మరక పోగానే వాళ్ళ పుట్టింటికి వెళ్ళి, కాళ్ళావేళ్ళా పడైనా ఇద్దర్నీ తీసుకొస్తాను."

"తను మరక గురించి అడగలేదురా."

"మరేం అడిగింది?"

"నన్ను పాప బట్టలు సర్దుకురమ్మంది. మంచం కూడా విప్పించి తెమ్మంది."

అతను బ్రష్షు పక్కన పెట్టాడు.

"మంచం బోల్టులు బిగుసుకుపోయాయక్కా. నీ వల్ల కాదు, నేనే విప్పుతాను" అంటూ లేచాడు.