మతీన్ బండి

కొత్త కుట్టుమిషనుకు లోను కుదరదని బ్యాంకువాళ్లు తిప్పి పంపేస్తే, జైతూన్‌బీ గూడూరు బస్టాండు పక్కనున్న నెట్ సెంటరుకు వచ్చింది. అక్కడి అమ్మాయి ఆమె క్రెడిట్ రిపోర్టు తెరిచింది.

“నీ పేరు మీద మోటార్‌సైకిల్ లోనుంది మా. కంతులు కట్టక రెండేళ్లయింది.”

“నాకు సైకిలు తొక్కడమే రాదు పాపా.”

“అయితే ఎవరో నీ ఆధార్ వాడుకున్నారు. భయపడబాక. నాది కాదని కంప్లయింటు పెడదాం, రూపాయి ఖర్చు లేదు. నెల లోపల వాళ్లు విచారించి తీరాల. నీది కాదని తేలితే రిపోర్టులోంచి తీసేయాల్సిందే. అది నీ హక్కు.”

“ఏం విచారిస్తారు?”

“సంతకం ఎవరు పెట్టినారో చూస్తారు. ఇందులో ఫోన్ నంబరు గూడా ఉంది, విను.”

అమ్మాయి సగం చదివేసరికి మిగతా అంకెలు జైతూన్‌బీ నోటినుంచే వచ్చాయి.

“మా పిల్లోడు మతీన్ నంబరది. ఆ బండి, తను పనిచేసే షాపు ఓనరుదని చెప్పినాడు నాకు. చిల్లకూరు కాడ వాడు లారీ కింద పడింది ఆ బండి మీదే.”

కంప్లయింటు వద్దన్నట్టు జైతూన్‌బీ చెయ్యి ఊపింది.

“కంప్లయింటు పెట్టకపోతే నీకింక లోను రాదు మా.”

“పెడితే, నా కొడుకు దొంగసంతకం పెట్టినాడని రాసుకుంటారు గదా.”

“అన్న ఇప్పుడు లేడు గదమ్మా.”

“లేడు. వచ్చి చెప్పుకోలేడు. ఆ బండి నేనే కొనిచ్చినా పాపా. అట్నే ఉండనీ.”