రాజగంగు వేళ్లు

రాజగంగు అని ఒకామె, బీడీలు చేస్తది. ఆమె పెనిమిటి సాయిలు, వడ్ల మిల్లుల హమాలి. ఇద్దరికి ఒక్కతే బిడ్డ, రుచిత. గా పిల్లకు బడిల వ్యాయామం సారు చదరంగం నేర్పిండంట. నేర్పిండంటె ఏమనుకున్నరు, మూడు నెలలు తిరగకముందే పిల్ల సారునే ఓడగొట్టుడు మొదలువెట్టింది. సారు మంచోడు, మూతి ముడుసుకోలే. సీదా ఇంటికొచ్చి, 'సాయిలూ, నీ బిడ్డది మామూలు తెలివి గాదు, పోటీలకు తోల్కపోదాం' అన్నడంట. సాయిలు అటు చూసిండు, ఇటు చూసిండు, 'గది ఆమెను అడుగు సారూ, మా ఇంట్ల రాజును నేనే గని ఎటు పడితె అటు నడిచే మంత్రి ఆమెనే' అన్నడంట. నవ్వుతున్నరా? నవ్వుండ్రి. నవ్వి మీ ఇండ్లు గూడ యాది చేసుకోండ్రి.

రాజగంగుకు గా ఆట ఒక్క ముక్క రాదు. కాని కట్టుబాటు వచ్చు. పొద్దుగాల ఐదింటికి పిల్ల లేవాలె, మొకం కడుక్కొని బల్ల ముందట కూసోవాలె. పిల్ల ఆడినంతసేపు ఇంట్ల టీవీ పెట్టద్దు. ఒకనాడు ఏమైందంటె, సాయిలు క్రికెట్ పెట్టిండు. సప్పుడు బంద్ చేసి ఉత్త బొమ్మలే చూస్తున్నడనుకో. ఆమె ఏమన్న అన్నదా? బీడీ ఆకు నానబెట్టిన తడి గోనెసంచి తెచ్చి టీవీ మీద ఆరేసిపోయింది. ఇగ ఏం జూస్తడు? బిడ్డకు గూడ ఒక మాట చెప్పింది. ఓడితె ఏడువద్దని అనలే. 'ఏడువు బిడ్డా, కాని ముందుగాల అవతలి పిల్లకు చెయ్యియ్యి, పావులు డబ్బల వెట్టు, గప్పుడు ఏడువు' అన్నదంట. చూసిండ్రా, ఏడుపుకు సుత ఒక వరుస ఉంటది. మనమేం చేస్తున్నం? అన్నం తింటలేడని పిలగాని చేతుల ఫోను పెడుతున్నం. నేను ఊకె అంటలేను, ఉన్నమాటే అంటున్న.

గట్ల రెండేండ్లు నడిచింది. పిల్ల బల్ల ముందట, తల్లి ఇవతల బీడీల చాట ఒళ్లె పెట్టుకొని. పిల్ల ఆలోచన పిల్లది, తల్లి పని తల్లిది. పిల్ల ఏ పోటీకి పోయినా తల్లి వెంట పోయింది. ఇగ జిల్లా పోటీ వచ్చింది. పట్నంల ఒక ఫంక్షన్ హాలు. ఆడపిల్లలు నలభై మంది. ఆడంగ ఆడంగ ఆఖరాట రుచితకు, ప్రణతి అనే పిల్లకు పడ్డది. ప్రణతి నాయిన విఠల్, బట్టల దుకాణమాయన. గెలిచిన పిల్ల రాష్ట్రం పోటీకి పోతది, ఓడిన పిల్ల ఇంటికి పోతది. గంతే. బల్లలకు అడ్డంగ తాడు కట్టి, తల్లిదండ్రులకు అవతల కుర్చీలేసిండ్రు. మాట్లాడద్దు, సైగ చెయ్యద్దు. రాజగంగు ముందు వరుసల కూసున్నది. గంట అయింది. రుచితది పైచెయ్యి అయింది. గప్పుడు విఠల్ లేచిండు. పోటీ నడిపే పెద్దసారు దగ్గరికి పోయి, 'సార్, గా అమ్మ చేతులు చూడుండ్రి. బొటనవేలు తిప్పుతున్నది, చూపుడువేలు మలుస్తున్నది, మల్ల గోరుతోని నొక్కుతున్నది. బిడ్డకు ఎత్తులు చెప్తున్నది' అన్నడంట.

పెద్దసారు చూసిండు. అందరు చూసిండ్రు. నిజమే, వేళ్లు ఆడుతున్నయ్! రాజగంగు గూడ అప్పుడే చూసుకున్నది, అందాక ఆమెకే తెల్వది. ఇరవై ఏండ్ల సంది చుట్టిన వేళ్లు గదా. ఆకు లేకున్నా, తంబాకు లేకున్నా, ఉత్తగనే చుడుతున్నయ్. మనసు బిడ్డ దగ్గర కూసున్నది, వేళ్లు పనికి పోయినయ్. గడియారం ఆపిండ్రు. పెద్దసారు వచ్చి, 'ఏందమ్మా ఇది?' అన్నడు. 'బీడీలు సారూ.' 'ఏడున్నయ్ బీడీలు?' 'లేవు సారూ.' ఎనుక ఎవలో కిసుక్కున నవ్విండ్రు. వ్యాయామం సారు ఉరికొచ్చి, 'ఆమెకు ఆటనే రాదు సార్, కావాలంటె అడుగుండ్రి' అన్నడు. పెద్దసారు ఒక పావు చూపెట్టి, 'ఇదేంది?' అన్నడు. 'గుర్రం.' విఠల్ ఎగిరిండు, 'చూసిండ్రా, వచ్చు!' అని. 'మూతి ఉన్నది గదనే అన్నా, గుర్రాన్ని గుర్తుపట్టకపోతనా?' అన్నదంట రాజగంగు. పెద్దసారు ఇంకోటి తీసిండు, ఆటల దాన్ని ఏనుగంటరు. 'మరి ఇది?' ఆమె తిప్పి తిప్పి చూసి, 'ఇది మా ఊరి బురుజు తీరున్నది సారూ' అన్నది. హాలంత నవ్వు. 'నటిస్తున్నది సార్' అన్నడు విఠల్.

గప్పుడు ఎవలు లేచిండ్రనుకున్నరు? గా విఠల్ బిడ్డనే లేచింది. 'నాన్నా, ఆమె వేళ్లు నేను సుత చూసిన. నేను ఆలోచిస్తుంటె తిరిగినయ్, రుచిత ఆలోచిస్తుంటె తిరిగినయ్, మేము నీళ్లు తాగుతుంటె గూడ తిరిగినయ్. సైగ అయితె ఏడనన్న ఆగాలె గదా?' అన్నదంట. గంతమంది పెద్దోళ్లల్ల ఒక్కలకు తట్టలే గా మాట! పెద్దసారు రాజగంగు దిక్కు తిరిగి, 'సరేనమ్మా, తప్పేం లేదు, కూసో' అన్నడు. రాజగంగు కూసోలే. 'నేను బయటకు పోత సారూ. నేనీడుంటె, నా బిడ్డ గెలిచినా తల్లి గెలిపిచ్చిందని రేపు ఎవలో ఒకలు అంటరు. అనుమానం కడిగితె పోదు, దూరముంటె పోతది' అన్నది. అని బిడ్డ దిక్కు సుత చూడకుంట నడిచింది. చూస్తె గది గూడ సైగనే అంటరని. మెట్లు దిగి, గేటు దాటి, రోడ్డవతల సోడబండి పక్కన ఎండల నిలబడ్డది.

లోపల ఏమైందంటె, రుచితకు దుఃఖమొచ్చింది. తల్లిని దొంగను నిలబెట్టినట్టు నిలబెట్టిరి గదా. గా దుఃఖంల చూసుకోక గుర్రాన్ని పోగొట్టుకున్నది. పైచెయ్యి కింద వడ్డది. వేరే పిల్ల అయితె బల్ల నూకి బయటకు పోయేది. ఈ పిల్ల ఏం చేసింది? చెయ్యి తొందరపడద్దని రెండు చేతులు తొడల కింద పెట్టుకొని కూసున్నది. గడియారం పోతున్నా పావుగంట కదలలే. మల్ల ఒక చెయ్యి తీసి, మూలకున్న ఒక బంటును ఒక గడి నూకింది. చెయ్యి తొడ కిందికి. మల్ల తీసింది, ఒక గడి. మల్ల కిందికి. అవతలి పిల్ల గుర్రం దొరికిన సంబురంల గా బంటును ఎంచలేదంట. ఒక గడి, ఒక గడి, ఒక గడి... అవతలి ఒడ్డుకు పోయి బంటు మంత్రి అయి కూసున్నది. ప్రణతి ఓడినానని తన రాజును పండవెట్టి రుచితకు చెయ్యిచ్చింది.

విఠల్ బయటకొచ్చిండు. సోడబండి దాక పోయిండు. తల వంచుకొని, 'అక్కా, తప్పయింది. నీ బిడ్డ గెలిచింది' అన్నడంట. రాజగంగు, 'నీ బిడ్డ ఏం చేస్తున్నది?' అని అడిగింది. 'మూలకు కూసొని ఏడుస్తున్నది.' 'మరి ఈడెందుకున్నవే అన్నా? పో, పోయి బిడ్డను దగ్గరికి తీసుకో. గంతమందిల నిజం చెప్పింది, గసొంటి పిల్ల దొరుకుతదా నీకు?' అన్నదంట. ఆయన ఎనకకు మర్రి బిడ్డ దగ్గరికి పోయిండు.

ఆమె ఊరికొచ్చినంక నేనే అడిగిన, 'ఏమే రాజగంగూ, అందరి ముందట గంత మాటన్నడు, ఒక్క తిట్టన్న తిట్టలేదా?' అని. 'ఏం తిడుదు మామా,' అన్నది, 'గప్పుడు ఆయన బిడ్డ ఓడుతుండె. నా బిడ్డ ఓడుతుంటె నేను ఎవల వేళ్లు చూస్తుంటినో!' అన్నది. చూడుండ్రి, నాకు డెబ్బై ఏండ్లు దాటినయ్, మీకు నీతులు చెప్పుకుంటనే ముసలోన్ని అయిన, గా మాట నా నోటికి ఎన్నడు రాలే. నేనైతె తిట్టేటోన్ని. మంచిగ కడుపునిండ తిట్టి, గట్ల తిట్టద్దని మల్ల మీకే కథ చెప్పేటోన్ని.