పడుకున్న గుర్రం

చెన్నరాయప్ప గుర్రాన్ని చంపింది అతని బావమరిదే. ఒక్కరోజు ఊరెళ్తూ అప్పగిస్తే చంపాడు. పాల ఆవులు మేపుకునే ఆ బావమరిది మూడోనాడు గడపలో నిలబడ్డాడు.

"పొద్దున్నుంచీ పండుకోనే ఉండె బావా. నిద్రనుకుంటిని."

"గుర్రం నిలబడే కునుకు తీస్తాది. పండుకున్నా అరగంటే. లేవకుండా పొర్లతా, కడుపు దిక్కు తిరిగి చూస్తా ఉంటే అది కడుపునొప్పి, డాక్టర్ని పిలవాల."

"మా ఆవులు దినమంతా పండుకోని నెమరేస్తాయి కదా! చెమటలు పడ్తా ఉంటే ఎండకనుకోని తడి గోనె కప్పితిని."

"దిండు గూడా పెట్టినావా?"

"అక్క ఉండింటే నన్ను క్షమించుండేది."

"మీ అక్క ఉండింటే గుర్రాన్ని నీకు అప్పజెప్పే గతి నాకు పట్టేది కాదు."

బావమరిది కళ్ళు తుడుచుకున్నాడు. చెన్నరాయప్ప చూడలేదు.

"ఏమన్నా తిట్టు బావా."

"కాఫీ తాగి పో. ఈ మాట ఇంగెప్పుడూ ఎత్తొద్దు. నేనూ ఎత్తను."