అరువు పిల్లలు

(కాలవకి ఈ ఒడ్డున ఉన్న బడిలో హెడ్‌మాస్టరు గది. మధ్యాహ్నం. ఆయన బీరువా సర్దుకుంటున్నాడు. ఆ ఒడ్డు బడికి హెడ్‌మిస్ట్రెస్సు, ఆయన భార్యకి చెల్లెలు, రొప్పుతూ లోపలికి వచ్చింది.)

"టోపీలు, బావగారూ, టోపీలు! ముందు ఆ టోపీలు తీయించండి!"

"ఏ టోపీలు?"

"పిల్లల నెత్తిమీదవి! కంపెనీ మేడమ్ పంచిపెట్టింది. మీ పిల్లలకీ, మా పిల్లలకీ, అందరికీ. కంపెనీ పేరు ఇంతింత అక్షరాలతో! వాటితోనే నడక వంతెన మీదుగా ఇటు పరిగెత్తుకొచ్చేశారు. కారేమో రోడ్డు చుట్టూ తిరిగి ఏ క్షణాన్నయినా వచ్చేస్తుంది. ఈ బడిలో ఆవిడ ఇంకా పంచనే లేదు, పిల్లలు అప్పుడే పెట్టేసుకుని నిలబడతారు!"

"ఉండనీలే. ఎండగా ఉంది."

"ఉండనీలే ఏంటండీ? కొంప మునుగుతుంది!"

"ముందు కూర్చో అమ్మాయ్. మంచినీళ్ళు తాగు. ఆ కుర్చీ కాదు, దాని కాలు ఊడుతోంది. ఇటు రా. ఇప్పుడు చెప్పు, పొద్దున నీ బడిలో ఎలా జరిగింది?"

"బాగానే జరిగింది. అదే నా భయం."

"బాగా జరిగితే భయమెందుకు?"

"ఎందుకేంటి? వందమంది పిల్లలుంటేనే కంపెనీ బడి కట్టిస్తుంది. నాకున్నది అందులో సగం. మీకున్నది ఇంకో సగం. పొద్దున మీ పిల్లల్ని నాకు అరువిస్తారు, మధ్యాహ్నం నా పిల్లల్ని మీకు అరువిస్తాను, ఇద్దరికీ చెరో కొత్త బడి వస్తుంది. ఇంత బంగారం లాంటి ఆలోచన ఎవరిది?"

"నాదే. కాదన్నానా?"

"నేనెలా తలూపానో నాకే తెలీదు. మీ రెండో తరగతిలో ఒక బొద్దుపిల్ల ఉంది చూడండి..."

"ముందు పళ్ళు రెండూ ఊడినదా?"

"అదే! మేడమ్ ఆల్చిప్పల్లాంటి కళ్ళద్దాలు సర్దుకుంటూ అటు తిరిగిందో లేదో, ఇది లేచి నిలబడి, 'మేడమ్, మధ్యాహ్నం మా బడికొచ్చేటప్పుడు బిస్కెట్లు కూడా తెస్తారా?' అంది."

"హహ్హహ్హ! తర్వాత?"

"నవ్వుతారా? ఆవిడ నా వంక చూసి, 'మా బడి అంటోందేంటండీ?' అంది."

"నువ్వేమన్నావు?"

"వాళ్ళమ్మ ఇంట్లో కూడా చదివిస్తుందండీ, అందుకని ఇంటిని కూడా బడి అంటుంది, అన్నాను."

"శభాష్! ఇన్నాళ్ళూ పిల్లలకి పాఠాలు చెప్పి వృథా అయిపోయావు నువ్వు."

"వెక్కిరించకండి. ఇంతకీ ఆ మూటలేంటి? పటాలన్నీ చుట్టేశారు, సుద్దముక్కల పెట్టెలు కట్టేశారు..."

"అవా? గది కాస్త ఖాళీగా, పేదగా కనిపించాలిగా. కంపెనీ వాళ్ళకి జాలి పుట్టొద్దూ?"

"పేదగా కనిపించడానికి ప్రత్యేకంగా సర్దాలా ఈ గది? పైన ఆకాశం కనిపిస్తోంది. మా గదిలో అయితే ఆవిడ చెప్పులు చేత్తో పట్టుకుని నడిచింది. నిన్నటి వానకి నేలంతా నీళ్ళు. మూడో తరగతి వాళ్ళు బెంచీల మీద కాళ్ళు ముడుచుకుని కూర్చున్నారు. ఆవిడ తలెత్తి పైకప్పు వంక చూసింది. తర్వాత, 'వాన పడుతుంటే పాఠం ఎలా చెప్తారు?' అంది."

"చెప్పావా, గొడుగు సంగతి?"

"చెప్పాను. ఒక పిల్ల గొడుగు పడుతుంది, నేను బోర్డు మీద రాస్తాను అని. ఆవిడ కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది."

"అందులో అబద్ధమేం లేదుగా."

"అందులో లేదు. ఆ తర్వాతే. 'వీళ్ళందరూ మీ పిల్లలేనా?' అని అడిగింది."

"అడిగితే?"

"ఏం చేయను, బావగారూ? ఊ అన్నాను."

"గట్టిగా అన్నావా, మెల్లగానా?"

"మెల్లగానే... ఏం, గట్టిగా అనాల్సిందా?"

"అంటే బాగుండేది."

"మీకు ఇదంతా ఆటలా ఉంది. సరే, ఇప్పుడు మీ సంగతి చూడండి. పొద్దున మా దగ్గర స్వాగతం పాట పాడారు. ఇక్కడా అవే గొంతులు, అదే పాట అయితే ఎలా? వేరేది నేర్పారా?"

"లేదు."

"పూలగుత్తి?"

"ఊహూ."

"ఆవిడ కూర్చోడానికి కాళ్ళున్న కుర్చీ అయినా తెప్పించారా?"

"నువ్వు కూర్చున్నావుగా దాని మీద."

"అసలు మీరేం ఏర్పాట్లు చేశారండీ పొద్దుట్నించీ?"

"చేయాల్సినవి చేశాను. నువ్వు కంగారు పడకు."

"పడకు అంటే ఆగుతుందా? వచ్చే వానల్లోపు గోడలు లేవకపోతే నా బడి ఉండదు. తల్లులు మొహం మీదే చెప్పేశారు. ఇంకో వాన పడితే పిల్లల్ని పంపం టీచరమ్మా, పైకప్పు మీద పడితే పూచీ ఎవరిది, అన్నారు. నేనేం చెప్పను? మబ్బు పట్టిందంటే చాలు, గుమ్మంలో నిలబడి ఎంతమంది వస్తారా అని లెక్కపెడతాను. అబద్ధమాడైనా సరే, నాకా బడి కావాలి. కావాలి కాబట్టే ఆడాను. ఇప్పుడు సిగ్గేస్తోంది."

"తెలుసమ్మా."

"మీకేం తెలుసు? రేపు నిజంగానే కట్టారనుకోండి. ప్రారంభోత్సవానికి ఆవిడ వస్తుంది, వాళ్ళ పెద్దలు వస్తారు. వందమంది కోసం కట్టిన గదుల్లో సగం మందే కూర్చుని కనిపిస్తే?"

"అందరూ కూర్చుంటారు."

"ఎక్కణ్ణించి వస్తారు? మళ్ళీ అరువా? రోజూ అరువేనా?"

"రోజూ వస్తారులే."

"ఏంటా మాటలు? మీ బడి వదిలేసి నా బడికి రోజూ ఎందుకొస్తారు? ...ఇంతకీ కారింకా రాలేదేంటి?"

"దారిలో ఆగుంటుంది."

"ఎందుకాగుతుంది?"

"రైల్వే గేటు పడిందేమో."

"మన దారిలో రైలు పట్టాలెక్కడున్నాయి, బావగారూ?"

"లేవూ? అయితే టైరు పంక్చరై ఉంటుంది."

"మీరు నా వంక చూడటం లేదు. ఇందాకట్నించీ చూస్తున్నాను, ఆ బీరువాకే మొహం... అమ్మో, ఫోను! ఆవిడే! పట్టుబడ్డాం. ఆ బొద్దుపిల్ల మాట అర్థమైపోయింది ఆవిడకి. మీరు మాట్లాడండి."

"నీ ఫోను నేనెందుకు తీస్తాను? స్పీకర్లో పెట్టు, తోడుగా ఉంటా."

"హలో... మేడమ్... చెప్పండి మేడమ్."

"హెడ్‌మిస్ట్రెస్ గారూ, మంచి కబురు! ఫోటోలు మా పెద్దాఫీసుకి పంపించాను. ఆ గొడుగు సంగతి చెప్పగానే ఒప్పేసుకున్నారు. వచ్చే వారం మా ఇంజనీరు కొలతలకి వస్తాడు."

"నిజంగానా మేడమ్? నిజంగానేనా?"

"నిజంగానే. ఒక్క మాట ముందే చెప్తున్నాను. బోర్డు మీద బడి పేరు కంటే మా కంపెనీ పేరు కాస్త పెద్దగా ఉంటుంది. రంగులు కూడా మా కంపెనీ రంగులే, నారింజా, ఊదా. చూడ్డానికి కొంచెం... మీకేం అభ్యంతరం లేదుగా?"

"ఎంత పెద్దగా అయినా రాసుకోండి మేడమ్, ఏ రంగైనా పూయండి. లోపల నీళ్ళు కారకపోతే చాలు."

"ఉంటాను మరి. ఊరు దాటి చాలా దూరం వచ్చేశాం, సిగ్నల్ పోయేలా ఉంది."

"ఊరు దాటేశారా? మరి... ఇవతలి ఒడ్డు బడికి?"

"ఏ బడికి?"

"కాలవకి ఇవతల, మా బావగారి బడి. మధ్యాహ్నం వస్తామన్నారటగా?"

"లేదే! ఇవాళ మేం చూడాల్సింది మీదొక్కటే. అక్కణ్ణించి మాకు దరఖాస్తే రాలేదు. హలో? వినిపిస్తోందా? హలో..."

"...బావగారూ."

"ఊ."

"దరఖాస్తు పెట్టలేదా మీరు?"

"పెట్టాననే అనుకున్నాను... ఈ బీరువా తాళం ఎక్కడ పెట్టానో..."

"తాళం మీ చేతిలోనే ఉంది. మాట తప్పించకండి."

"పెట్టలేదు."

"ఎందుకు? వాళ్ళకి కట్టించాలనుంది, మీకు పైకప్పు లేదు. పెట్టడానికేం రోగం?"

"పెడితే పోటీ అవుతుంది కాబట్టి."

"ఎవరికి పోటీ?"

"నీకే. పోయిన నెల విద్యాశాఖ ఆఫీసుకెళ్ళాను కదా. అక్కడ చెప్పారు. కాలవకి అటొకటి ఇటొకటి రెండు బడులెందుకు, ఒకటి ఎత్తేస్తున్నాం, అన్నారు. ఏది ఎత్తేస్తారండీ అన్నాను. ఏ ఒడ్డుకి కొత్త భవనం వస్తే అది ఉంటుంది, రెండోది అందులో కలిసిపోతుంది, అన్నారు."

"నెల! నెలరోజులుగా తెలిసీ నోరు మెదపలేదా?"

"చెప్తే నువ్వేం చేసేదానివి?"

"నా దరఖాస్తు వెనక్కి తీసుకునేదాన్ని."

"అందుకే మెదపలేదు."

"అక్కకి తెలుసా?"

"దానికి తెలిస్తే నీకు తెలియకుండా ఒక్క పూటైనా ఆగేదా?"

"మరి ఈ పిల్లల్ని ఇచ్చిపుచ్చుకోవడం... ఈ నాటకమంతా..."

"నీ సంగతి నాకు తెలీదా? ఊరికే ఇస్తే నువ్వు పుచ్చుకోవు. మళ్ళీ నాకు తిరిగిస్తావులే అంటే పుచ్చుకుంటావు. నా పెళ్ళి నాటి నుంచీ చూస్తున్నాను నిన్ను."

"అయితే ఆవిడ అడిగినప్పుడు..."

"నువ్వు నిజమే చెప్పావు. కాస్త గట్టిగా చెప్పాల్సింది, అంతే. వాళ్ళందరూ నీ పిల్లలే. నేనిటు నించి పిల్లల్ని తోలుకొస్తాను, ప్రారంభోత్సవానికే కాదు, రోజూ."

"ఈ గదులు మీరు దగ్గరుండి లేపినవి, బావగారూ. ఆ బెంచీలు మీరు రంపం పట్టుకుని కోసినవి."

"బెంచీలు గట్టివే. వంతెన మీదుగా మోసుకెళ్ళిపోదాం. ఏడుస్తున్నావేంటి? నవ్వు అమ్మాయ్, బడి వచ్చింది!"

"ఏడుస్తున్నానా? దుమ్ము. మీ బీరువా దుమ్ము... ఒక్కటి మాత్రం నాకు సంతోషం. రెండూ కలిస్తే సీనియరు మీరే, హెడ్‌మాస్టరూ మీరే. కొత్త బడిలో పెద్ద గది మీది, ఫ్యాను కింద కుర్చీ మీది. ఆ ఇంజనీరుతో, కంపెనీ వాళ్ళతో వేగడం కూడా మీదే. నేను హాయిగా నా మూడో తరగతి చెప్పుకుంటాను. హమ్మయ్య! మీకేం పోలేదు."

"ఆ సంగతి కూడా ఆఫీసులో అడిగారులే."

"అడిగితే?"

"రాసిచ్చి వచ్చాను."

"ఏమని?"

"చెప్తాను. ముందు మీరొకటి చెప్పండి."

"ఇదేంటి బావగారూ, కొత్తగా మీరు అంటున్నారు?"

"మరి అలవాటు చేసుకోవద్దూ? కొత్త బడిలో నాకు ఏ తరగతి ఇస్తున్నారు, మేడమ్?"