వెల్ల వేసిన గోడ

అదిగో, మళ్ళీ అదే మాట. గొడవల్లేని కాలేజీ ఏదో నన్నే చెప్పమంటావు. నీ కూతురి అప్లికేషన్లు ముందు బల్లమీద పెట్టు, కూర్చో. మెల్లగా మాట్లాడరా, మీ అక్క వంటింట్లో ఉంది.

నేనూ నీలాగే ఎంచుకున్నాను, మూడేళ్ళ కిందట. వెల్ల వేసేవాణ్ణి, ఏ కాలేజీ గోడ ఎలా ఉంటుందో నాకు తెలియదా? నీ మేనకోడలికి పెద్ద కాలేజీలో సీటొచ్చింది. వెళ్ళి చూశాను. గేటు నుంచి క్యాంటీన్ దాకా నినాదాలే, ఒకడి రాత మీద ఇంకొకడి రాత. నేనున్న పావుగంటలోనే రెండు గుంపులు కాలర్లు పట్టుకున్నాయి. అట్నుంచటే వచ్చేశాను.

ఇంకో కాలేజీ ఉంది, మా మేస్త్రీ ఏటా మమ్మల్ని వెల్ల వేయడానికి పంపే చోటు. గోడమీద గీతుండదు. సంఘాల్లేవు, ఎన్నికల్లేవు. హాస్టల్లో ఫోన్లు కూడా లేవు. 'నాన్నా, అక్కడెవరూ నోరెత్తరట' అంది పిల్ల. 'మరీ మంచిది, చదువుకో' అని అక్కడే చేర్పించాను. ఎంత తెలివైనవాణ్ణో చూశావా?

ఏంటి, నీకూ అదే నచ్చిందా? ఉండు, విను.

రెండో ఏడు, పరీక్షల ముందు, మేస్త్రీ ఫోను. హాస్టల్ వెనక గోడ, అర్జెంటు, పిల్లలు క్లాసుల నుంచి వచ్చేలోపు అయిపోవాలి. నేనొక్కణ్ణే దొరికాను. వెళ్తే బొగ్గుతో ఇంతింత అక్షరాలు. 'వార్డెన్ సార్ గదికి ఒంటరిగా వెళ్ళకండి.' దానికింద చిన్నగా 'నిజం' అని ఒకరు. ఇంకోచేత్తో ఇంకొకరు, నిజం. లెక్కపెట్టాను, పదకొండు.

పిల్ల ఆ కాలేజీ మానేసిందనే నీకు చెప్పాం, అసలు జరిగింది ఇది. 'రాసింది నేనే' అని పిల్ల తనే ఆఫీసుకెళ్ళి చెప్పింది. నిజమని రాసిన ఆ పదకొండుమందీ ఏరీ అన్నారు వాళ్ళు. గోడ తెల్లగా ఉంది. ఒక్కరూ ముందుకు రాలేదు, భయం మరి. అబద్ధాలు పుట్టించిందని టీసీ చేతిలో పెట్టారు. ఆ వార్డెన్ ఇంకా అక్కడే ఉన్నాడు.

పెద్ద కాలేజీలో అయితేనా, ఆ గోడ ముందు వందమంది కూర్చునేవాళ్ళు. నన్ను బకెట్ దించనిచ్చేవాళ్ళు కాదు. అక్కడికే పంపరా నీ కూతుర్ని. కాలర్లు పట్టుకుంటే పట్టుకోనీ.

ఎందుకలా చూస్తావు? నాకు చదవడం రాదా? వచ్చు. అది ఎవరి రాతో కూడా తెలిసింది. పలక కొనకముందే తడి బ్రష్షిచ్చి, ఈ గోడమీదే దానికి అక్షరాలు దిద్దించాను. చూడగానే బ్రష్షు బకెట్లో ముంచాను. పిల్ల పేరు బయటికొస్తే ఏమవుతుందో అనుకున్నాను. జేబులో ఫోనుంది, ఒక్క ఫోటో తీయలేదు. మొదటి కోటింగులో బొగ్గు ఇంకా కనబడుతోందని రెండోది కూడా వేశాను.

మీ అక్కకి తెలియదు. పిల్లకీ తెలియదు. అన్నం వడ్డిస్తూ అడుగుతుంది, 'మీ మేస్త్రీ మనుషుల్లో ఆరోజు ఎవరెళ్ళారు నాన్నా?' అని.

ఎవడో కొత్తవాడమ్మా, చదువు రానివాడు, అంటాను.