కొత్త ముల్లు కింద అన్నయ్య గొంతు

వాంగ్మూలం ఇస్తున్న నా పేరు ఫిర్యాదులో సాక్షిగా రాసే ఉంది. పేటలో అందరూ అద్దాల మామయ్య అంటారు. వయసు అరవై మూడు. కళ్లజోళ్ల షాపులో అద్దాలను ఫ్రేముకు సరిపోయేలా అరగదీయడం నా పని. ఫిర్యాదు చేసినావిడ మా వదిన, చనిపోయిన మా అన్నయ్య భార్య. ఫిర్యాదు రికార్డు ప్లేయర్లు బాగుచేసే ముల్లు మేస్త్రి మీద. ఆయన తన రికార్డు కాజేసి, దాని బదులు వేరేది పెట్టాడని వదిన ఆరోపణ. నాకు ఇద్దరూ కావలసినవాళ్లే. నేను చెప్పేది ఎవరికి పనికొస్తుందో నాకే తెలియడం లేదు.

పెళ్లయిన కొత్తలో అన్నయ్య రికార్డింగు గదికి వెళ్లి, సొంతంగా అల్లిన పాట పాడి, దాన్ని రికార్డు ప్లేటుగా చేయించుకున్నాడు. వదిన వంటను వెక్కిరించే పాట. కూరలో ఉప్పు మరిచిపోవడం మీదే రెండు చరణాలు ఉన్నాయి. అలాంటి ప్లేటు లోకంలో అదొక్కటే. అన్నయ్య పోయాక వదిన రోజూ సాయంత్రం ఆరింటికి దాన్ని వేసుకుంటుంది. జ్వరం వచ్చినా మానలేదు.

పోయిన నెల ప్లేయరు తుడుస్తుంటే, ప్లేటు మీద నడిచే ముల్లు విరిగింది. ముల్లు ఒక్కటే మార్చితే సరిపోదు, అది బిగించి ఉండే చిన్న డబ్బీ కూడా పోయిందని మేస్త్రి అన్నాడు. దాన్ని కార్ట్రిడ్జ్ అంటారు. కొత్తది వేస్తానంటే వదిన ఒప్పుకోలేదు. "మీ అన్నయ్య కొన్న రకమే కావాలి. వేరేది నా గడప తొక్కకూడదు" అంది. ఆ రకం తయారీ ఎప్పుడో ఆపేశారు. వెతగ్గా వెతగ్గా, మూసేసిన ఒక రేడియో షాపు సామానులో సీలు తీయని పెట్టె దొరికింది. ఆ రోజు నా కాళ్లు నేల మీద ఆనలేదు.

మేస్త్రి దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "పెట్టె కొత్తదే అన్నా, లోపలి రబ్బరుది మాత్రం మన ఈడే" అన్నాడు. ముల్లు వజ్రమట, వాడకపోతే దానికేమీ కాదట. దాన్ని పట్టుకుని కదలనిచ్చే రబ్బరు మాత్రం పెట్టెలో ఊరికే కూర్చున్నా బిగుసుకుపోతుందట. వాడని వస్తువు ఎలా పాడవుతుందని వాదించాను. "ఏడాదిపాటు మంచం దిగకుండా కూర్చో, అప్పుడు నీ మోకాళ్లను అడుగు" అన్నాడు. అయినా పట్టుబట్టి దాన్నే బిగించమన్నాను.

ఆదివారం ఆరింటికి వేశాం. గొంతు రేకు డబ్బాలోంచి వచ్చినట్టు వచ్చింది. "స" వచ్చిన ప్రతిచోటా బుస కొట్టింది. వదిన నా మొహం చూసి, "ఎవరిది ఈ గొంతు?" అంది. నాకు సిగ్గేసింది.

మర్నాడు మేస్త్రి ప్లేయరునూ ప్లేటునూ షాపుకు తీసుకెళ్లి, కొత్త కార్ట్రిడ్జ్ బిగించి, మంగళవారం తెచ్చిచ్చాడు. ఈసారి గొంతు లావుగా, దగ్గరగా వచ్చింది. ఊపిరి పీల్చుకోవడం కూడా వినిపించింది. రెండు పాదాలు కాకముందే వదిన ముల్లు ఎత్తేసింది. "ఇదీ ఆయన కాదు. నా ప్లేటు మార్చేశాడు" అంది. మీద అతికించిన కాగితం అన్నయ్య చేతిరాతే అని నేనంటే, "కాగితం ఊడదీసి అంటించడం ఎంతసేపు?" అంది. బుధవారం పొద్దున్నే ఇక్కడికి, మీ స్టేషనుకు వచ్చి ఫిర్యాదు ఇచ్చింది.

పాత కార్ట్రిడ్జ్‌లు అసలు కొనొచ్చా అని మీరు నన్ను అడిగారు. కొనకూడదని చెప్పాలి. కానీ విరిగిపోయినది కూడా పాతదే, దాని రబ్బరు కూడా బిగుసుకునే ఉంటుంది. వదిన ఇన్నేళ్లూ విన్నది దాన్నే. మరి అది అన్నయ్య గొంతేనా? మూడింటిలో ఆయన గొంతు ఏదని కూడా అడిగారు. ముప్పై ఏళ్లు ఒకే కప్పు కింద బతికాం. ఒకే కంచంలో తిన్నాం. నాకు తెలియడం లేదు. ఎంత గుర్తు చేసుకున్నా ఆయన మొహమే వస్తోంది, గొంతు రావడం లేదు. నాకు చాలా బాధగా ఉంది.

ఈ ఉదయం పదిన్నరకు మీ గదిలో, మా అందరి ముందు, కొత్త ముల్లుతో ప్లేటు చివరిదాకా వేశారు. పాట అయిపోయాక మగ గొంతు, "బావుందా?" అంది. వెంటనే ఒక ఆడపిల్ల గొంతు, "చాల్లెండి, ఆ రికార్డింగాయన నవ్వుతున్నాడు" అంది. పాత ముల్లుతో ఆ మాటలు ఏనాడూ వినపడలేదు, గరగర తప్ప.

వదిన లేచి నిలబడింది. "ఎవత్తది? ఆయన అలాంటి మనిషి కాదు. ఇది ఆయన ప్లేటు కాదని మొదట్నుంచీ మొత్తుకుంటున్నానా లేదా?" అంది.

ఆ ప్లేటు చేయించిన రోజు అన్నయ్య, వదినలతో నేనూ వెళ్లాను. వీధిలో సైకిళ్లకు కాపలా ఉన్నాను. లోపలికి వెళ్లిన ఆడమనిషి మా వదిన ఒక్కతే. ఆ గొంతును నేను కూడా గుర్తుపట్టలేదు. అయినా అది మా వదినదే. మేస్త్రి ప్లేటు మార్చలేదు.

ఇందులో ఉన్నవన్నీ నేను చెప్పిన మాటలే, నిజాలే. ఎవరి ఒత్తిడీ లేదు. రాసింది నాకు చదివి వినిపించేటప్పుడు గది తలుపు వేయమని కోరాను, వేశారు. మా వదిన బయట బెంచీ మీద కూర్చుని ఉంది.

సాక్షి సంతకం